పళ్ళన్నీ ఉంచుకున్న పిల్ల

పోయిన వారం అకేయోని మృత్యువు వాకిట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది. ఈ వారమే పత్రిక చేతికందిన వాళ్ళకోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, ఆమె దగ్గరికి వెళ్దాం.

సరస్సు ఒడ్డున ఉయోమా తీరంలో ఒగోలా గారి చిన్నకూతురు అకేయో. వయసు పదహారు. ఆమె అక్క అపోండి ఇరవయ్యో ఏట జ్వరం వచ్చి చనిపోయింది. పెళ్ళి కాని పిల్ల కనక మా లువో తెగ ఆచారం ప్రకారం ఆమెను ఇంటి కంచె లోపల పాతిపెట్టలేదు, జెముడు కంచెకు అవతల పాతిపెట్టారు. మావాళ్ళలో పెద్ద మగవాడు ఎవరైనా పోతే ఊళ్ళో మగవాళ్ళందరూ ఒంటికి బూడిద రాసుకుని, ఈటెలు పట్టుకుని, ఆంబోతుల్ని ముందు తోలుకుంటూ చావును పొలిమేర దాటేదాకా తరుముతారు. దాన్ని తెరో బురు అంటాం. ఆడపిల్ల పోతే అది చెయ్యరు. ఎందుకు చెయ్యరని అకేయో ఇంటింటికీ వెళ్ళి అడిగింది. ఒక్కరూ సరైన జవాబు చెప్పలేదు. దాంతో చిన్నాన్న ఈటె తీసుకుని, తండ్రి కోడె రబూర్‌ని కొట్టంలోంచి విప్పుకుని, ఒక్కతే చావును తరమడానికి బయల్దేరింది. పొలిమేర ఏటి దగ్గర మగవాళ్ళు వెనక్కి తిరుగుతారు. అకేయో తిరగలేదు. ఎనిమిది రోజులు అలాగే తరుముకుంటూ పోయి, మృత్యువు లోగిలి చేరుకుని, వాకిలి గుంజలోకి ఈటె దించింది. ఇంతవరకూ ఏ మగాడూ చెయ్యని పని అది.

ఇక చూడండి.

మృత్యువు బయటికి రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఈలోపు రబూర్ తాపీగా ఆయన వాకిట్లో ఉచ్చపోసి, కొమ్ములతో గుంజను రెండుసార్లు గోకింది. అకేయో దాన్ని వారించలేదు. పైగా మెడ నిమిరింది.

దారి పొడుగునా ఆమె మృత్యువును ఎన్నో రకాలుగా ఊహించుకుంది. ఒక్కటీ నిజం కాలేదు. ముక్కాలిపీట చంకలో పెట్టుకుని బయటికి వచ్చినవాడు పొడుగాటి ముసలాయన. ఉతికిన తెల్లబట్ట భుజం మీదుగా చుట్టుకుని, ఎడమచేత్తో ఈగలు తోలే ఆవుతోక విసురుకుంటూ, పంచాయితీకి బయల్దేరిన పెద్దమనిషిలా ఉన్నాడు. పాదాలు మాత్రం వాచిపోయి ఉన్నాయి. గుంజలోని ఈటె చూశాడు. కోడెను చూశాడు. అకేయో భుజాల మీదుగా దూరంగా దారిలోకి చూశాడు. అటు దుమ్ము కూడా లేవడం లేదు.

"మిగతావాళ్ళేరీ?" అని అడిగాడు.

"మిగతావాళ్ళెవరూ లేరు. నేనే."

ఆయన పీట వేసుకుని కూలబడ్డాడు. ఎనిమిది రోజులుగా వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాడట. ఏరు దాటాక కూడా కోడె గంట వినబడుతూనే ఉంటే, వెనక ఉయోమా అంతా కదిలి వస్తోందనుకున్నాడట. మధ్యలో ఒక్కసారి కూడా కూచుని నీళ్ళు తాగలేదట. ఇవన్నీ ఆయన చాలా బాధగా, పరువు పోయిన మనిషిలాగా చెప్పుకొచ్చాడు.

"చూడు పిల్లా," అన్నాడు చివరికి. "మీవాళ్ళు నన్ను తరుముతారు, నేను పరిగెడతాను. ఏటి దాకా వచ్చాక వాళ్ళు ఆగుతారు, నేనూ ఆగుతాను. వాళ్ళు ఇంటికెళ్ళి మాంసం తింటారు, నేను ఇక్కడికొచ్చి కాళ్ళు కడుక్కుంటాను. తాతల నాటినించీ మా మధ్య ఉన్న మర్యాద ఇది. ఎక్కడ వెనక్కి తిరగాలో నీకెవరూ చెప్పలేదా?"

"ఆడపిల్లల్ని మావాళ్ళెవరూ ఆ పరుగుకి తీసుకెళ్ళరు కదా. నాకెలా తెలుస్తుంది?"

మావాళ్ళు ఇన్ని తరాల్లో చాలా పొరపాట్లు చేశారు. సరస్సులో గాలివాటం చూడకుండా పడవలు దించారు, మంచి భూములు ఇచ్చేసి రాళ్ళనేల తీసుకున్నారు. కానీ ఎక్కడ ఆగాలో ఆడపిల్లకి చెప్పకపోవడమంత గొప్ప పొరపాటు మరొకటి చెయ్యలేదని నేను గర్వంగా చెప్పగలను.

ఇంతలో వాకిలికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఇంట్లోంచి మృత్యువు పెద్దభార్య బయటికి వచ్చింది. లోగిట్లో మొదటి ఇల్లు ఆమెది. చేతులు ఇంకా సంగటి పిండితోనే ఉన్నాయి. ఆమె మొదట అకేయోని, తరవాత మొగుడి పాదాల్ని ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, ఈ పిల్లకి భయపడా నువ్వు చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తుకొచ్చింది?"

మృత్యువు ఆవుతోక ఊపుకుంటూ పక్కకి చూశాడు. పెద్దభార్య ఊరుకోలేదు. తరిమినవాళ్ళు వాకిలి గుంజకి ఈటె దించాక ఇంటాయన ఓడిపోయినట్టే లెక్క అనీ, ఓడినవాడు వచ్చినవాళ్ళకి ఏం కావాలో అడిగి ఇచ్చి పంపాలనీ, ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు తనకి మొదటి రోజే ఈ సంగతి చెప్పిందనీ అంది. ఇంతవరకు ఎవరూ ఇక్కడిదాకా రాకపోవడం వల్ల ఆ మాట అవసరం పడలేదంతే అని కూడా అంది. అకేయోకి ఆమె మీద అప్పటికప్పుడే అభిమానం పుట్టింది.

"నాకు మా అక్క కావాలి పెద్దమ్మా. అపోండి. తీసుకుపోవడానికే వచ్చాను."

మృత్యువు లేచి పీట చంకన పెట్టుకున్నాడు. రమ్మన్నట్టు తల ఊపాడు. లోపలికి తీసుకుపోతాడనుకుంది అకేయో. ఆయన లోపలికి పోలేదు. కంచె వెంబడి పక్కకి నడిచాడు. కోడెను తోలుకుంటూ ఆమె ఆయన వెనకే వెళ్ళింది. కంచె మలుపు తిరిగాక కాళ్ళు ఆగిపోయాయి.

కంచెకి బయట, బయలు నేలమీద, వరసలు వరసలుగా ఆడపిల్లలు కూచుని ఉన్నారు. మోకాళ్ళ మీద గడ్డాలు ఆనించుకుని, అందరూ లోగిలికి వీపు పెట్టి కూచున్నారు. మొదటి వరస కనిపిస్తోంది, చివరి వరస కనిపించడం లేదు. ఎవరి మీదా నీడ లేదు. మనుషులు బతికున్న చోట కంచెకి అవతల ఉంచిన పిల్లల్ని ఇక్కడ కూడా కంచెకి అవతలే ఉంచారని ఆమెకి అర్థమైంది. ఒళ్ళు మండింది. ఊళ్ళో ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడుపు అక్కడ వచ్చింది కానీ, ఆయన ముందు కన్నీళ్ళు పెట్టుకోవడం ఇష్టంలేక మింగేసింది.

"పేరు పెట్టి పిలిస్తే లాభం లేదు," అన్నాడు మృత్యువు. "అపోండీలే వెయ్యిమంది ఉంటారు. మొహాలు చూసుకుంటూ పోతే నువ్వు ముసలిదానివైపోతావు. మీవాళ్ళు గొప్పలు చెప్పుకోవడంలో పేరుమోసినవాళ్ళు కదా. మీ అక్కని పొగుడు. తనని గురించే అంటున్నావని తెలిస్తే లేచి నిలబడుతుంది. మూడుసార్లు ఇస్తాను. మూడోసారికి ఒక్కతే లేవాలి, అది మీ అక్కే అవ్వాలి. లేకపోతే నువ్వూ వెళ్ళి ఆ చివరి వరసలో కూచో."

పెద్దభార్య కూడా అంతదూరం వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఇది న్యాయమేనా అని అకేయో కళ్ళతో అడిగితే, న్యాయమే అన్నట్టు తల ఊపింది.

పొగడ్త అంటే అకేయోకి భయమెందుకు? లువో ఇంట పుట్టిన బిడ్డకి పొగడటం ఎవరూ నేర్పక్కర్లేదు. మా పెళ్ళిళ్ళలో, చావుల్లో తంత్రివాయిద్యం మోగుతుండగా ఎవరైనా చెయ్యెత్తి ఆపి, నేను ఫలానా వాడి కొడుకుని, ఫలానా దాని మేనల్లుణ్ణి, నా స్నేహితుడు ఇలాంటివాడు, మా ఆవు అలాంటిది అని గొంతెత్తి చెప్పుకోవచ్చు. వినేవాళ్ళు చప్పట్లు కొడతారు. పక్కఊరివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వనీ. చెప్పుకోవడానికి ఏమీ లేనివాళ్ళు ఇంకేం చేస్తారు?

అకేయో చెయ్యెత్తింది. అక్క శవం దగ్గర ఊరి ఆడవాళ్ళు ఏడుస్తూ అన్న మాటలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. అవే అంది. మా అక్క ఎదురుచెప్పి ఎరగదు. తెల్లారేసరికి సరస్సు నీళ్ళతో కుండలు నింపేది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. చేతివంట అమృతం. నవ్వుతూ వచ్చింది, నవ్వుతూ వెళ్ళిపోయింది. గొంతు చక్కగా పలికింది. తనకే ఏడుపొచ్చింది.

నేల కదిలినట్టయింది. ముందు వరసలో అందరూ లేచారు. రెండో వరస లేచింది. కనుచూపు మేర ఆడపిల్లలు లేచి నిలబడ్డారు.

మృత్యువు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక్కడికొచ్చిన ప్రతి పిల్లా ఎదురుచెప్పనిదే, ప్రతి పిల్లా అమృతం వండినదే, ఇందులో నీకెవరు కావాలో ఏరుకో అన్నాడు. ఆయన ఆవుతోక ఊపితే అందరూ మళ్ళీ కూచున్నారు. కూచునేటప్పుడు ఒక్కరి మొహంలోనూ ఏమీ లేదు.

అకేయో పెదవి కొరుక్కుని, రెండోసారి చెయ్యెత్తింది. ఈసారి వంశం చెప్పుకుంది. ఒగోలా కూతురు. చిరుతపులిని కర్రతో కొట్టిన ఒంబోక్ మనవరాలు. కరువులో మూడు ఊళ్ళకి జొన్నలు పంచిన ఇంటి పిల్ల. తాత, ముత్తాత, ఆ ముత్తాత తండ్రి, సరస్సు దాటి వచ్చిన మొదటి మనిషి వరకూ పద్నాలుగు తరాలు ఊపిరి తిప్పుకోకుండా చదివింది. ఊళ్ళో అయితే ఆ ధాటికి ముసలాళ్ళు లేచి చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఒక్కరూ లేవలేదు. ఒక్క తల కూడా తిరగలేదు.

నవ్వుతాడనుకుంటే ఈసారి మృత్యువు నవ్వలేదు. పెద్దభార్యే దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఆ ఇల్లు మీ అక్కని కంచె బయట పడుకోబెట్టిందమ్మా. ఆ ఇంటి పేరు ఇంత దూరం రాదు."

అది విన్నాక అకేయో రబూర్ మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. పద్నాలుగు తరాలు పనికిరాలేదు. ఊరంతా ఏడ్చిన ఏడుపు పనికిరాలేదు. ఇంకేం మిగిలింది? అక్క పోయిన నాలుగు నెలల్లో తను ఒక్కసారి కూడా అక్కని తలుచుకోలేదని ఆమెకి అప్పుడు తెలిసింది. తలుచుకున్నది ఊరివాళ్ళు తయారుచేసిన ఇంకెవరో మంచిపిల్లని. ఆ మంచిపిల్ల అక్కకంటే బాగా వండుతుంది, అక్కకంటే మెల్లగా మాట్లాడుతుంది. నిజమైన అపోండి ఎదురుపడితే ఆ పిల్లని చూసి పడీపడీ నవ్వేది.

అలా అనుకోగానే అకేయోకే నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని మూడోసారి చెయ్యెత్తింది. ఈసారి గొంతు పాటలా లేదు, ఇంట్లో పోట్లాడుకునే గొంతులా ఉంది.

"మా అక్క వండిన సంగటి మా కుక్క వాసన చూసి వెళ్ళిపోయేది," అని మొదలుపెట్టింది.

దూరంగా ఎక్కడో ఒక తల కదిలింది.

అకేయో ఆపలేదు. మా అక్క ఎదురుచెప్పని రోజు లేదంది. మిషన్ బడిలో పంతులు బోర్డు మీద లెక్క తప్పు వేస్తే అందరి ముందూ తప్పని చెప్పిందనీ, బెత్తంతో కొడితే దెబ్బలన్నీ తిన్నాక ఇప్పుడు లెక్క సరిచెయ్యండని అడిగిందనీ చెప్పింది. సైకిలు మీద వచ్చిన పెళ్ళికొడుకుని సైకిలు ఒకసారి ఎక్కి చూస్తానని అడిగి, దానితో సహా సరస్సులోకి దిగి, తడిసి ముద్దయి వచ్చి, సైకిలు బాగుంది గానీ మనిషి అక్కర్లేదని చెప్పిందనీ అంది. ఆ సైకిలు గంటలోంచి నెల తరవాత కూడా నీళ్ళు వచ్చాయట. నీటిగుర్రాలకి భయపడి మగవాళ్ళు వదిలేసి వచ్చిన వల కోసం ఒంటరిగా ఈదుకుంటూ పోయి, వలతో పాటు అందులో చిక్కిన చేపలు కూడా తెచ్చి, చేపలు మాత్రం ఇవ్వనందట. ఇవన్నీ చెబుతుంటే అకేయో వెన్ను నిటారుగా అయింది. పక్కన మృత్యువు ఉన్నాడన్న సంగతే మరిచిపోయింది.

"నా కనుబొమ్మ మీద ఈ మచ్చ మా అక్క పెట్టిందే. సంగటి తెడ్డుతో కొట్టింది. కొట్టి, నన్ను వీపున వేసుకుని మిషన్ ఆసుపత్రి దాకా ఎనిమిది మైళ్ళు మోసింది. దారి పొడుగునా నన్నే తిట్టింది. తప్పయిందని ఈ రోజు వరకూ అనలేదు. అనదు కూడా."

ఇప్పుడా తల పూర్తిగా ఇటు తిరిగింది. కానీ లేవలేదు. ఇంకా ఏదో వినాలన్నట్టు కూచుంది. అకేయోకి అక్క పద్ధతి తెలుసు. అసలు సంగతి చెప్పేదాకా లేవదు.

మా పెద్దల కాలంలో ఈడొచ్చిన పిల్లలకి కింది ముందుపళ్ళు ఆరూ పీకించేవారు. అది చేయించుకోకపోతే లువో కాదనేవారు. ఇప్పుడు చాలామంది మానేశారు గానీ ఒగోలా ఇంట్లో మానలేదు. అకేయోకి ఆ ఆరూ లేవు.

"పళ్ళు పీకేవాడు మా ఇంటికొచ్చినప్పుడు నేను ఏడుస్తూ నోరు తెరిచాను. మా అక్క ఏడవకుండా నోరు తెరిచింది. వాడు వేలు పెట్టాడు. ఆ వేలు ఇప్పటికీ వంకరగానే ఉంది, ఊళ్ళో ఎవరినైనా అడగండి. మా ఇంట్లో పళ్ళన్నీ ఉంచుకున్న ఆడది అదొక్కతే." ఆమె మృత్యువు వైపు తిరిగింది. "అది నవ్వుతూ వెళ్ళిపోలేదు. నేను పక్కనే ఉన్నాను. రెండు రోజులు నిన్ను తిట్టింది. పోయాక, పొద్దున ఒళ్ళు కడిగేటప్పుడు దాని పళ్ళ మధ్య తెల్లదారం పోగు దొరికింది. దుప్పటిది అయ్యుంటుందన్నారు అందరూ. దాని దుప్పటి ఎర్రది. పెద్దాయనా, వచ్చినప్పటినించీ ఎడంచేత్తోనే విసురుకుంటున్నావు. ఏదీ, కుడిచెయ్యి చూపించు."

మృత్యువు ఆ చెయ్యి తెల్లబట్టలోకి ఇంకొంచెం లాక్కున్నాడు. పెద్దభార్య ఊరుకుంటుందా? బట్ట పక్కకి తీసింది. మణికట్టు మీద వరసగా పళ్ళగాట్లు, పైన ఆరు, కింద ఆరు. నాలుగు నెలలైనా మానలేదు.

"ముల్లు గీసుకుందన్నావు నాతో," అంది పెద్దభార్య.

అప్పుడు ఆ వేలమందిలోంచి ఒక్కతే ఒక్కతి లేచి నిలబడింది. మెడ వెనక్కి వంచి, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఇంత దూరానికి కూడా కింది వరస పళ్ళు తెల్లగా కనిపించాయి. చిన్నప్పటినించీ అందరూ తలకొట్టుకున్న పిల్ల అది. ఆ పిల్లని ఇంతమందిలోంచి నిలబెట్టింది ఆ తలబిరుసే. అకేయో జీవితంలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు.

అపోండి వరసల మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చింది. వస్తూనే చెల్లెలి కనుబొమ్మ మీద మచ్చని బొటనవేలితో ఒత్తి చూసింది.

"ఏమే, నన్ను తిట్టడానికి ఇంత దూరం రావాలా? ఇంట్లో కూచుని తిట్టొచ్చుగా."

"నీకు వినపడాలిగా."

ఇద్దరూ కాసేపు అలా ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అకేయో అప్పుడు ఏడ్చింది. ఎనిమిది రోజులూ, అంతకుముందు నాలుగు నెలలూ దాచుకున్నదంతా ఏడ్చింది. అపోండి ఆపమనలేదు. తరవాత కోడె మెడ గోకుతూ, నాన్న రబూర్‌ని ఇచ్చాడా అని అడిగింది. ఇవ్వలేదు, నేనే విప్పుకొచ్చాను అని అకేయో చెబితే, మెచ్చుకోలుగా తల ఊపింది. ఆ తరవాత అడగాల్సిన మాట అడిగింది. నన్ను ఎక్కడ పెట్టారు?

అకేయో చెప్పక్కర్లేకపోయింది. అపోండి నాలుగు నెలలుగా కూచున్న చోటే చెబుతోంది.

మృత్యువు మాట తప్పలేదు. పిల్లని తీసుకుపొమ్మన్నాడు. కాకపోతే వెళ్ళేవాళ్ళకి ఒక పద్ధతి ఉందన్నాడు. వచ్చేటప్పుడు ఎనిమిది రోజుల దారి, వెళ్ళేటప్పుడు ఒక్క పూటే. రేపు సాయంత్రం మందలు ఇంటికి చేరే వేళకి అపోండి తండ్రి ఇంట్లో ఉండాలి. మావాళ్ళు బయట చనిపోయినవాళ్ళని వాకిట్లోంచి తీసుకురారు, కంచెకి సందు కొట్టి అందులోంచి తెస్తారు. అలా సందులోంచి దూరి వెళ్ళినా ఆయనకి అభ్యంతరం లేదు, ఎలాగైనా లోపలికి చేరితే చాలు. చేరకపోతే తిరిగి ఇక్కడికే.

"సందులోంచి నేను రాను," అంది అపోండి.

అకేయో ఉలిక్కిపడింది.

"బతికుండగా ఏనాడైనా దొంగలాగా కంచె దూరానా? చచ్చాక దూరుతానా? కోడె ముందు నడవాలి. నాన్న తన చేత్తో పెద్దవాకిలి తియ్యాలి. ఊళ్ళో అందరూ చూస్తుండగా నేను లోపలికి నడవాలి. ఆ రోజు నించీ ఏ ఆడపిల్లనీ కంచె బయట పడుకోబెట్టకూడదు. అలా అయితేనే వస్తాను."

మృత్యువు చిన్నగా నవ్వాడు. ఒగోలా ఎలాంటివాడో ఆయనకి తెలుసు. చనిపోయిన కూతురికి పెద్దవాకిలి తీసిన తండ్రి ఇంతవరకు లేడనీ, తీస్తే ఆ లోగిలి మొత్తానికి అరిష్టమని అందరూ నమ్ముతారనీ కూడా తెలుసు. ఆ సంగతి అకేయోకీ తెలుసు. అయినా అక్క చేతులు వదలకుండా, నేను వెళ్ళి నాన్నని ఒప్పించి వస్తాను, నువ్వు ఒక్కరోజు ఆగు అంది.

"నా తరఫున అడగడానికి ఎవరూ అక్కర్లేదు. నేనే వెళ్ళి అడుగుతాను. ఇప్పుడేగా నా గురించి అంత చెప్పావు, నువ్వే నమ్మవా?"

అకేయో తను చెప్పిన గొప్పలకి తనే కట్టుబడిపోయింది. అప్పుడు మృత్యువు అసలు మాట బయటపెట్టాడు. సందు కాదని వాకిలి అడగడానికి వెళ్ళేటట్టయితే, సంగతి తేలేదాకా అపోండి లేచిన చోట అకేయో కూచోవాలట. తండ్రి వాకిలి తీస్తే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంట్లో ఉంటారు. తియ్యకపోతే ఇద్దరూ ఇక్కడే ఉంటారు. పెద్దభార్య ఈసారి న్యాయమేనని తల ఊపలేదు. అలాగని కాదనీ అనలేదు.

అపోండి చెల్లెలి మొహంలోకి చూసింది. మొదటిసారి ఆమె గొంతులో అధికారం తగ్గింది. నీకు ఇష్టం లేకపోతే సందులోంచే పోదాం పద, నా పరువు నీకంటే ఎక్కువ కాదు అంది. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో అకేయోకి తెలుసు. ఇరవై ఏళ్ళలో ఆమె వెనక్కి తగ్గిన రోజు అదొక్కటే.

తగ్గనివ్వడం అకేయోకి ఇష్టం లేకపోయింది. గుంజలోంచి ఈటె పీకి తెచ్చి అక్క చేతిలో పెట్టింది. కోడె తాడు ఇచ్చింది. వరసల మధ్యకి నడిచి, అపోండి లేచిన ఖాళీలో కూచుంది. అందరిలాగా లోగిలికి వీపు పెట్టలేదు. మృత్యువు వైపే తిరిగి, మెడ నిలబెట్టి కూచుంది.

"మందలు ఇంటికొచ్చే వేళకి," అంది అపోండి.

"నాన్నని కొరక్కు," అంది అకేయో.

అపోండి నవ్వుకుంటూనే కోడెను అదిలించింది. గంట చప్పుడు కంచె మలుపు దాటింది, దారి పట్టింది, దూరమైంది. అది పూర్తిగా ఆగిపోయాక గానీ అకేయోకి నేల ఎంత చల్లగా ఉందో తెలియలేదు.

పక్కన కూచున్న పిల్ల కొంచెం జరిగి చోటిచ్చింది. పదిహేనేళ్ళుంటాయేమో. చేతినిండా రాగి తీగ కడియాలు. ఇప్పుడు ఎవరూ వెయ్యని పాతకాలపు కడియాలు. ఎవరికోసం కూచున్నావని అడిగింది. మా అక్క కోసం, నాన్నని వాకిలి తియ్యమని అడగడానికి వెళ్ళిందని అకేయో గర్వంగానే చెప్పింది. ఆ పిల్ల మొహం వెలిగింది. నేనూ అంతే అంది. మా అక్క కూడా అదే పని మీద వెళ్ళింది, నన్ను తన చోట కూచోబెట్టి వెళ్ళింది, రేపు సాయంత్రానికి వస్తానంది అని చెప్పింది.

"ఎప్పుడు వెళ్ళింది?" అని అడిగింది అకేయో.

ఆ పిల్ల ఆలోచించింది. "కొత్తగా వచ్చినవాళ్ళు కిసుము రైలు గురించి చెప్తుంటారు. మా అక్క వెళ్ళేసరికి ఆ రైలు ఇంకా రాలేదు."

అకేయో మనసులో లెక్కవేసుకుంది. కిసుము పట్నానికి రైలు వచ్చింది తన తాత పశువులు కాసే వయసులో. ఎదురుగా మృత్యువు పీట వేసుకుని తీరిగ్గా కాళ్ళు చాపుకున్నాడు. ఆయన వైపు చూసి భయపడటం కంటే ఈ పిల్లతో మాట్లాడటం మేలనిపించింది ఆమెకి. ఆ రాగి కడియాల చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మీ అక్క ఎలాంటిదో చెప్పు నాకు. మంచిది అనకు. అబద్ధం లేకుండా చెప్పు."

ఆ పిల్ల సిగ్గుపడింది. ఇన్నేళ్ళలో ఎవరూ అలా అడగలేదంది. కాసేపు వేళ్ళతో మట్టి గీసి, నోరు విప్పింది.

"వొట్టి దొంగది. నాన్న కోసం దాచిన పాలు తాగేసి, కుండలో నీళ్ళు కలిపి, ఆ తప్పు నామీద..."

ఆమె మాట పూర్తికాకుండానే, మూడు వరసల అవతల, ఎప్పుడో తిరిగొచ్చి చెల్లెలికి కనబడకుండా ఇటు వీపు పెట్టి కూచున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. చెల్లెలి వైపు తిరగడానికి ఆమెకి మొహం చెల్లడం లేదు.